పని నేర్పుదామని పిల్లగాడిని పెట్టుకున్నాను, రెండేళ్లు ఇలా గడిచాయి

నాది మోటార్ వైండింగ్ దుకాణం, అంటే కాలిన మోటార్లకు కొత్తగా తీగ చుట్టే చోటు, వరంగల్‌లో ములుగు రోడ్డు వైపు. ఒక మడిగె, దాని ముందు రేకుల షెడ్డు, అంతే. 2006 నుంచి నడుపుతున్నాను. సీలింగ్ ఫ్యాన్ నుంచి ఏడున్నర హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ (బోరులోకి దించే మోటారు) దాకా ఏది కాలినా చుడతాం అని బోర్డు మీద రాయించాను గానీ ఆ "చుడతాం" అన్నది చాలా ఏళ్లు అబద్ధమే. చుట్టేది నేనొక్కడినే. పంపులు విప్పి బిగించడానికి ఒక పెద్దాయన ఉన్నాడు, వైండింగ్ జోలికి రానని ఆయన మొదటి రోజే చెప్పేశాడు, ఆ మాట మీదే ఉన్నాడు.

ఫ్యాన్లూ, మోనోబ్లాకులూ (పంపూ మోటారూ ఒకటిగా ఉండేవి) అయితే ఒక్కడినే ఎలాగో లాగేవాడిని. బోరు మోటారుతోనే చిక్కు. వాటర్ ఫిల్డ్ (లోపల నీళ్లు నింపే) మోటారు స్టేటర్, అంటే తీగ చుట్టే కదలని భాగం, పొడుగ్గా గొట్టంలా ఉంటుంది, తీగ కూర్చునే స్లాట్ల నోళ్లు దాదాపు మూసుకునే ఉంటాయి, అందుకని కాయిల్ ముందే చుట్టి లోపల పడేయడం కుదరదు. తీగ కొసను ఈ పక్క నుంచి దూర్చి ఆ పక్కకు లాగాలి, మళ్లీ ఇంకో స్లాటులోంచి ఇటు పంపాలి, ఒక్కో చుట్టూ ఇలాగే. అటొకరు ఇటొకరు కూర్చుంటేనే సాగే పని. లాక్‌డౌన్‌లో ఎవరూ దొరక్క మా ఇంటామెనే ఎదురుగా కూర్చోబెట్టుకుని చుట్టాను, లెక్క నాకంటే ఆమే బాగా పెట్టింది. కానీ రోజూ ఆమెను కూర్చోబెట్టలేను కదా.

పిల్లలను తెచ్చేవాళ్లు లేక కాదు. మోటార్లు వేసుకొచ్చే రైతులే అడిగేవాళ్లు, మావోడు ఇంట్ల ఖాళీగుంటున్నడు, జర నీ దగ్గర పెట్టుకో అన్నా అని. ఒకాయన ఏడో తరగతి మానేసిన పదమూడేళ్ల వాడిని తెచ్చాడు. వద్దన్నాను. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకుంటే కేసు, 2016లో చట్టం మార్చాక జరిమానా 20,000 నుంచి 50,000 దాకా, జైలు కూడా పడొచ్చు. జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ముస్కాన్ అని పోలీసులు దుకాణాలు తిరుగుతారు. అయితే నేను వద్దన్నది ఆ భయంతో ఒక్కటే కాదు. 1997లో నేను పనిలో చేరినప్పుడు నాకూ దాదాపు అంతే వయసు. మొదటి ఏడాది జీతం లేదు, రెండు పూటలా చాయ్, పండక్కి ఒక అంగీ. అప్పట్లో అదే పద్ధతి, మా ఉస్తాద్‌ను తిట్టడానికి చెప్పడం లేదు. కానీ కెపాసిటర్ మీద చెయ్యి పడి షాక్ కొట్టిన రోజు అందరూ నవ్వారు, ఆ నవ్వు మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అందరూ చెప్పిన అసలు భయం ఇంకొకటి. "నేర్పు నేర్పు, రేపు నీ ఎదురుంగనే షట్టర్ తెరుస్తడు." దీనికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే నేను చేసిందీ అదే. తొమ్మిదేళ్లు మా ఉస్తాద్ దగ్గర ఉండి రెండు గల్లీల అవతల దుకాణం పెట్టాను. మూడేళ్లు ఆయన నాతో మాట్లాడలేదు. ఆయన నాకు మనసు పెట్టి నేర్పాడు అని కూడా అనలేను. ఏ మోటారుకు ఎన్ని చుట్లు, ఏ గేజ్ (మందం) తీగ, పిచ్ (కాయిల్ రెండు వైపుల మధ్య దూరం) ఎంత, అన్నీ రాసుకున్న డైరీ ఆయన గల్లాపెట్టెలో తాళం వేసి ఉండేది. చుట్లు లెక్కపెట్టే టైముకు సరిగ్గా నన్ను చాయ్‌కి పంపేవాడు. నేనేం చేసేవాడినంటే, కాలిన కాయిల్‌ను సుత్తి ఉలితో కోసి పడేసేవాళ్లు కదా, ఆ ముక్కలను దుకాణం వెనక కూర్చుని తీగ కొసలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టి సిగరెట్ డబ్బా అట్ట మీద రాసుకునేవాడిని. నా డైరీ అలా మొదలైంది.

ఇవన్నీ మనసులో పెట్టుకుని నానుస్తూ ఉండగా 2023 మార్చిలో పెట్టుకున్నాను. నేను చేసిన మొదటి తప్పు ఆ మార్చి నెలే. పరకాల వైపు ఊరి పిల్లగాడు, పద్దెనిమిది నిండింది, ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివాడు. వాళ్ల అమ్మ వెంట వచ్చింది. జీతం ఎంత అని అడగలేదు ఆమె, "కరెంటు పట్టుకుంటదా అన్నా" అని అడిగింది. పట్టుకోదని ఎలా చెప్పను, జాగ్రత్తగా చూసుకుంటానమ్మా అన్నాను. అంతకుముందు వారమే రబ్బరు మ్యాట్ తెచ్చి టెస్టింగ్ బల్ల ముందు వేశాను లెండి, అది చూపించాను. తర్వాత వాడికి బ్యాంకు ఖాతా తెరిపించి ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా కట్టించాను, ఏమైనా అయితే 2 లక్షలు వస్తాయి. పద్దెనిమిది నిండినవాళ్లకే అది, ఇంకో కారణం చిన్నపిల్లలను పెట్టుకోకపోవడానికి.

కాగితం మీద సరిగ్గా చేద్దామని అప్రెంటిస్‌షిప్ పోర్టల్ కూడా చూశాను. మా తమ్ముడి కొడుకు కూర్చుని చదివి చెప్పాడు. స్టైపెండ్‌లో పావు వంతు, నెలకు 1,500 దాకా కేంద్రం ఇస్తుందట, బాగానే ఉంది అనుకున్నాను. కిందికి పోతే అసలు సంగతి, కనీసం నలుగురు పనివాళ్లున్న సంస్థలే అప్రెంటిస్‌లను తీసుకోవచ్చు, 30 మంది, ఆపైన ఉంటే తప్పనిసరిగా తీసుకోవాలి. నేనూ, పెద్దాయనా, ఎంత లాగినా ఇద్దరమే. 1961 నాటి అప్రెంటిస్ చట్టం మాలాంటి మడిగెల కోసం రాసింది కాదని అర్థమైంది. పని నేర్చుకునేది ఎక్కువమంది మాలాంటి చోటేనని దాన్ని రాసినవాళ్లకు ఎవరైనా చెబితే బాగుండు. సరే, వంద రూపాయల స్టాంపు పేపరు తెచ్చి మాకు మేమే రాసుకున్నాం. రెండేళ్లు. మొదటి ఆరు నెలలు నెలకు 5,000, మధ్యాహ్నం తిండి, బస్ పాస్. తర్వాత 8,000. రెండో ఏడు 11,000, వాడు సొంతంగా చుట్టిన ఫ్యాన్ ఒక్కదానికి ఇంత అని వేరుగా. పక్క షట్టర్ వెల్డింగ్ ఆయన ఆ కాగితం చూసి నెలరోజులు నవ్వాడు. "పెండ్లి పత్రికలెక్క రాసినవేందే" అని.

మార్చి తప్పు అన్నాను కదా. యాసంగి వరి గింజ పోసుకునే సమయం, బోర్లలో నీళ్లు దిగిపోతాయి, మోటార్లు ఉత్తగా తిరిగి కాలిపోతాయి. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక లో వోల్టేజీతో కాలినవి నా దగ్గరికి రావడం తగ్గింది గానీ ఇలా నీళ్లు లేక కాలేవి పెరిగాయి. రోజుకు నాలుగైదు దిగుతాయి, ప్రతి రైతూ పొలం ఎండుతోందని నెత్తిన కూర్చుంటాడు. అలాంటప్పుడు కొత్తవాడికి ఏం నేర్పుతాం? నెల రోజులు వాడు స్లాట్లు గీకాడు, తీగ మోశాడు, చాయ్ తెచ్చాడు. చేతులు కావాలని సీజన్‌లో పెట్టుకున్నాను, కానీ నేర్పేవాడికి తీరిక లేని కాలం అది. ఇప్పుడెవరైనా అడిగితే జూలైలో పెట్టుకోమంటాను. వానలు పడ్డాక దుకాణంలో ఫ్యాన్లు తప్ప ఏమీ ఉండవు, అప్పుడే మనకూ ఓపిక.

ఆ నెలలోనే దెబ్బ తగిలింది. ఐదు హెచ్‌పీ మోటారు, రాత్రి పదకొండు దాకా కూర్చుని చుట్టాం, పొద్దున టెస్ట్ చేశాం, అంతా బాగుంది. మోయడానికి బరువని లోపలి నీళ్లు తీసేసి ఆటోలో వేశాం. నాకు ఇంకో రెండు మోటార్లు చేతిలో ఉన్నాయని పెద్దాయననూ పిల్లగాడినీ చైన్ పుల్లీ ఇచ్చి పొలానికి పంపాను. దించారు, స్టార్ట్ చేశారు, నీళ్లు పోశాయి, రైతు కోడిగుడ్ల కూరతో అన్నం కూడా పెట్టాడట. రెండు గంటలకు మోటారు జామ్. మళ్లీ పైపులన్నీ పైకి లాగి విప్పితే బుష్‌లు కాలిపోయాయి, థ్రస్ట్ బేరింగ్ అరిగి ముక్కలైంది. వైండింగ్ ఒక్కటి బతికింది. మోటారులో నీళ్లు నింపకుండా దించారు! తెలియనివాళ్లకు చెబుతాను, ఆ మోటారుకు లోపలి నీళ్లే ఆయిల్. దించేముందు పైనున్న ప్లగ్గు విప్పి మంచినీళ్లు పోసి, బుడగలు పోయేదాకా ఊపి, మళ్లీ పోసి, అప్పుడు బిగించాలి.

రైతు ముందే తిట్టాను వాడిని. మామూలుగా కాదు. వాడు కాసేపు తలొంచుకుని నిలబడి, "నీళ్లు పోయమని నువ్వు జెప్పలే కదన్నా" అన్నాడు. పెద్దాయనేమో వైండింగ్ వాళ్ల పని అనుకున్నాడట. కోపం ఇంకా ఎక్కువైంది, ఇది కూడా చెప్పాలా అని. రాత్రి పడుకున్నాక ఆలోచిస్తే నిజంగానే చెప్పలేదు. వాడికే కాదు, ఇన్నేళ్లలో ఎవరికీ ఆ మాట నోటితో అనలేదు. ప్రతిసారీ పొలం దగ్గర నా చెయ్యే బాటిల్ అందుకునేది. చెయ్యికి వచ్చినవన్నీ నోటికి రావని, నేర్పడమంటే వాటిని వెతికి పట్టుకోవడమని నాకు అప్పుడే తెలిసింది, అదీ 4,500 పెట్టి. బుష్‌ల సెట్టు, బేరింగ్, మళ్లీ ఎత్తి దించిన కూలీ అంతా నేనే భరించాను. వాడి జీతంలో కోయలేదు. గొప్ప చెప్పుకోవడం లేదు, కోద్దామనే అనుకున్నాను, మా ఇంటామె ఆపింది.

మర్నాడు షట్టర్ లోపలి వైపు మార్కర్‌తో వాడి చేతే రాయించాను. నీళ్లు. ప్లగ్గులు. కేబుల్ జాయింటు. మెగ్గర్. తిరిగే దిక్కు. మెగ్గర్ అంటే వైండింగ్ ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మీటరు. తిరిగే దిక్కు ఎందుకంటే మూడు ఫేజుల్లో రెండు అటుఇటు అయితే పంపు ఉల్టా తిరుగుతుంది, తిరుగుతుంది గానీ నీళ్లు సన్నగా వస్తాయి, రైతు బోరు ఎండిందనుకుంటాడు. "ఫ్లగ్గులు" అని రాశాడు, అలాగే ఉంచేశాను.

వానాకాలంలో అసలు చదువు మొదలైంది. సీలింగ్ ఫ్యాన్లతో. 14 రన్నింగ్ కాయిళ్లు, 14 స్టార్టింగ్, 36 గేజ్ తీగ వెంట్రుకలా ఉంటుంది, కాస్త గట్టిగా లాగితే పుటుక్కుమంటుంది. ఐటీఐలో ఒక చిన్న మోటారు చుట్టాడట, అది కూడా పదిమంది కలిసి. పాడు చేయడానికని చెప్పే రెండు కిలోల తీగ విడిగా కొన్నాను. ఇది చాలామంది చేయరు. గిరాకీ ఫ్యాన్ మీదే నేర్పిస్తారు, పాడైతే తిడతారు, వాడు భయంతో ఇంకోటి పాడు చేస్తాడు. నేను ఒక తుక్కు ఫ్యాన్ ఇచ్చి చుట్టమని, చూసి, కోసేయమని, మళ్లీ చుట్టమనేవాడిని. వాడికి ఒళ్లు మండేది, ముఖంలో కనబడేది. ఆరోసారికి గాలి వచ్చింది.

ఒక నవ్వొచ్చే సంగతి చెప్పాలి. మా బాపు ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ, బస్తాలు లెక్కపెట్టేటప్పుడు ఒకటి అనకుండా "లాభం" అనేవాడు. లాభం, రెండు, మూడు. నాకూ అదే అలవాటు, చుట్లు కూడా అలాగే లెక్కపెడతాను. వీడు నా ఎదురుగా కూర్చుని అదే పట్టుకున్నాడు. ఒకరోజు మోనోబ్లాక్ కాయిళ్లు ఒంటరిగా చుట్టమని ఇచ్చాను. అన్నీ చుట్టాడు, స్లాట్లలో దించితే పట్టడం లేదు, స్లాటు నోరు మూసే వెదురు పేళ్లు లోపలికి పోవడం లేదు. తీగ గేజ్ తప్పిందేమోనని చూశాను, సరిగ్గానే ఉంది. చివరికి నా ముందు లెక్కపెట్టమంటే "లాభం, ఒకటి, రెండు" అంటున్నాడు! లాభం అంటే సున్నా అనుకున్నాడు. ప్రతి పొరకీ ఒక చుట్టు ఎక్కువ పడింది. పెద్దాయన ఆ రోజు నవ్విన నవ్వుకు కట్టుడు పళ్లు ఊడి కింద పడ్డాయి. ఇప్పుడు ఇద్దరం ఒకటి నుంచే లెక్కపెడుతున్నాం, నాకే నోరు తిరగడం లేదు.

కాలిన మోటారును చదవడం మాత్రం వాడికి త్వరగా వచ్చింది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, నేనే ఏళ్ల మీద తెలుసుకున్నాను, వాడికి మాత్రం ఒక్కరోజులో బల్ల మీద మూడు స్టేటర్లు పెట్టి చూపించాను. చుట్టంతా ఒకేలా నల్లబడితే లోడు ఎక్కువైనట్టు, బేరింగ్ పట్టేసి ఉండొచ్చు, వోల్టేజీ తక్కువై ఉండొచ్చు. స్టార్ కనెక్షన్‌లో (మూడు ఫేజుల కాయిళ్ల కొసలు ఒకచోట కలిపినది) రెండు ఫేజులు కాలి మూడోది కొత్తదానిలా మెరుస్తుంటే, ఒక ఫేజు రాకుండా నడిచింది. ఒక్కచోటే చిన్నగా కాలి గుంట పడితే తీగల మధ్య షార్ట్. రైతులు ఎప్పుడూ "కరెంటోళ్ల తప్పే" అంటారు, కాయిల్ వేరే చెబుతుంది. ఒకరోజు నేను భోంచేస్తుంటే ఒకాయన మోటారు దించాడు, వీడు మూత విప్పి చూసి "కాకా, ట్రాన్స్‌ఫార్మర్ కాడ నీ ఫ్యూజు ఒకటి పోయింది, అది వేయకుంట ఇది చుట్టిచ్చుకపోతే రేపే మళ్లొస్తవ్" అన్నాడు. ఆయన నా వైపు చూశాడు. నేను అన్నం కలుపుకుంటూ తలూపాను. లోపల ఎంత సంతోషమైందో వాడికి చెప్పలేదు, జీతం పెంచమంటాడని.

వాళ్ల అమ్మ నెలకోసారి వచ్చేది. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం అయింది కదా, అప్పటి నుంచి రెండుసార్లు. పచ్చిపులుసు, సకినాలు, ఏదో ఒకటి డబ్బాలో. వచ్చిన ప్రతిసారీ వాడి చేతులు తిప్పి చూసుకునేది.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు నాలుగు రోజులు సెలవు అడిగాడు, ఇచ్చాను. తిరిగొచ్చి బెల్లం ప్రసాదం పెట్టి, ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. జంపన్న వాగు, జనం, వాళ్ల అమ్మ తడి జుట్టుతో, గద్దెల దగ్గర తోపులాట. నేనే ఫోన్ చేతిలోకి తీసుకుని జరుపుతూ పోయాను. ఇంకా జరిపితే జాతర అయిపోయి అంతకుముందు తీసినవి వచ్చాయి. నా డైరీ. పేజీ తర్వాత పేజీ, నలభై దాకా ఉంటాయి. నా రాత, నా వార్నిష్ మరకలు.

ఆ డైరీ ఎక్కడ పెట్టేవాడినో చెప్పలేదు కదా, నేనూ దాన్ని గల్లాపెట్టెలోనే పెట్టేవాడిని. తాళం మాత్రం వేసేవాడిని కాదు. మోటారు వచ్చినప్పుడు తీసి చూసి, చుట్లు ఇన్ని, గేజ్ ఇది అని నోటితో చెప్పి మళ్లీ లోపల పెట్టేవాడిని. నేను మా ఉస్తాద్‌లా కాదు అని చెప్పుకోవడానికి ఆ తాళం లేకపోవడం ఒక్కటే మిగిలింది నాకు.

ఫోన్ ఇచ్చేశాను. ఏమీ అనలేదు. వాడికి అర్థమైంది, ముఖం మాడిపోయింది. రెండు రోజులు మా మధ్య పని మాటలే. స్టేటర్ అటు వాడు, ఇటు నేను, తీగ పంపుతున్నాం, లాగుతున్నాం, లెక్క తప్ప మాట లేదు. అడిగి తీసుకుంటే ఏమయ్యేది అని నాకు కోపం. అడిగితే ఇచ్చేవాడివా అని ఇంట్లో ప్రశ్న. సిగరెట్ డబ్బా అట్టలు గుర్తుకొచ్చాయి, ఆ అట్టలు మా ఉస్తాద్ ఎప్పుడైనా చూశాడా అని కూడా అనిపించింది. చూసి ఊరుకున్నాడేమో. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు.

మూడో రోజు పాత మోనోబ్లాక్ వచ్చింది, 36 స్లాట్లది, ఎప్పుడో పదేళ్ల కింద చుట్టింది. డైరీ తీస్తే ఆ పేజీ పక్క పేజీకి వార్నిష్‌తో అతుక్కుపోయింది, లాగితే రాత ఊడి వస్తోంది. కాసేపు అటు తిప్పి ఇటు తిప్పి, "ఈ పేజీ నీ ఫోన్ల ఉన్నదార" అన్నాను. ఉన్నదన్నా అని తీసి గట్టిగా చదివాడు. అతుక్కోకముందు తీసుకున్నాడు.

2025 మార్చికి స్టాంపు పేపరు గడువు అయిపోయింది. ఇంకా నా దగ్గరే ఉన్నాడు, 15,000 ఇస్తున్నాను, వాళ్ల మండలంలో మడిగె చూస్తున్నాడని తెలుసు. దాచలేదు, వచ్చి చెప్పాడు, అడ్వాన్స్ ఎక్కువ అడుగుతున్నారట. నా పాత మెగ్గర్ ఇస్తావా అన్నాడు, అది తప్పు చూపిస్తోంది కొత్తది కొనుక్కో అన్నాను. ఎదురుగా కాకుండా పాతిక కిలోమీటర్ల అవతల పెడుతున్నాడు, పక్క షట్టర్ ఆయనకు ఈ మాట నేనే పోయి చెప్పాను. ఇంకో పిల్లగాడి కోసం అడుగుతున్నాను, ఈసారి జూలైలోనే.

డైరీ ఇప్పుడు బల్ల మీదే ఉంటుంది. కొత్త మోటారు వస్తే వాడే రాస్తాడు, కింద తారీఖు కూడా వేస్తాడు. నేను ఇన్నేళ్లలో ఒక్కసారీ వేయలేదు.